ఫోను పట్టుకుంటే తలపోటు: సిగ్నల్ వల్లా, మెడ వల్లా, కళ్లజోడు వల్లా?

మీరడిగింది ఇదీ: 5జీ ఫోను కొన్నప్పటి నుంచీ సాయంత్రమయ్యేసరికి కణతలు పోట్లు పొడుస్తున్నాయి, ఎదురింటి మేడ మీద టవరు కూడా ఉంది, ఈ సిగ్నళ్ల వల్లే తలనొప్పా, ఫోను మార్చాలా, ఇల్లు మారాలా అని. రెండూ అక్కర్లేదు. మీ తలనొప్పి నిజం. దానికీ ఫోనుకీ సంబంధం ఉండటం కూడా నిజమే కావచ్చు. ఎటొచ్చీ రేడియో తరంగాలకే దానితో సంబంధం కనబడలేదు. ఊరికే ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు, ఇరవై ఏళ్లకు పైగా పరీక్షలు పెట్టి చూసిన విషయం.

వాటిలో ఒకదాన్ని కాస్త దగ్గరగా చూడండి. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2006లో ప్రచురించింది. ఫోను వాడిన ఇరవై నిమిషాల్లోపే తలనొప్పి లాంటి బాధ వస్తుందనే వాళ్లు 60 మంది, ఏ ఇబ్బందీ లేనివాళ్లు 60 మంది. తలకి ఒక పరికరం తగిలించి 50 నిమిషాలు కూర్చోబెట్టారు. ఒక రోజు అసలైన జీఎస్ఎం (2జీ ఫోను) సిగ్నల్, ఒక రోజు పల్సులు లేని నిరంతర తరంగం, ఒక రోజు ఏమీ లేని ఉత్తుత్తి పరికరం. ఏ రోజు ఏదో కూర్చున్నవాళ్లకీ తెలియదు, దగ్గరుండి చూస్తున్నవాళ్లకీ తెలియదు. తలనొప్పి వచ్చింది, కానీ మూడు రోజులూ ఒకేలా వచ్చింది. సున్నితత్వం ఉందన్న వాళ్లలో "ఇప్పుడు సిగ్నల్ ఉంది" అన్నవాళ్లు నిజంగా సిగ్నల్ ఉన్నప్పుడు 60 శాతం, లేనప్పుడు 63 శాతం. నాణెం ఎగరేసినా ఇంతే వస్తుంది. మరుసటి ఏడాది నార్వేలో ఫోను వల్ల తలనొప్పి వస్తుందని చెప్పే 17 మందితో చేసిన పరీక్షలోనూ ఇదే తేలింది. 2010లో అప్పటిదాకా జరిగిన 46 ప్రయోగాలు, 1175 మంది ఫలితాలు కలిపి చూసినా కథ మారలేదు. డబ్ల్యూహెచ్‌ఓ చేయించి 2024లో వెలువడిన సమీక్షదీ అదే దారి.

ఉత్తుత్తి పరికరానికే తల ఎందుకు నొస్తుంది? నష్టం జరగబోతోందని మెదడు ఎదురుచూసినప్పుడు మెడ, దవడ, నుదుటి కండరాలు బిగుసుకుంటాయి, మామూలుగా పట్టించుకోని చిన్న చిన్న పోట్ల మీదికి ధ్యాస పోతుంది. దీన్ని నోసీబో అంటారు, ఉత్తుత్తి మాత్రతో నొప్పి తగ్గడానికి ఇది తిరగబడ్డ రూపం. వైఫై ప్రమాదకరం అని చెప్పే టీవీ కార్యక్రమం కొందరికి, వేరే కార్యక్రమం మిగతావాళ్లకి చూపించి, తర్వాత లేని వైఫైని 'ఉంది' అని చెప్పి 15 నిమిషాలు కూర్చోబెడితే సగానికి పైగా జనం ఏదో ఒక బాధ చెప్పిన ప్రయోగం కూడా ఉంది, అది 2013 నాటిది. అనుమానం పెనుభూతం అని మనవాళ్లు ఊరికే అనలేదు. అలాగని ఇంట్లో ఎవరైనా తల పట్టుకుంటే "అంతా నీ భ్రమ" అనకండి. వచ్చిన నొప్పి అసలైన నొప్పే, కారణం దగ్గరే పొరపాటు.

"ఎక్కువ మాట్లాడేవాళ్లకి ఎక్కువ తలనొప్పులు అని లెక్కలున్నాయిగా?" అంటారు. ఉన్నాయి. స్వీడన్, ఫిన్‌లాండ్‌లలో 24 వేల మందిని నాలుగేళ్లు గమనించి 2019లో వేసిన కాస్మోస్ అధ్యయనంలో, అందరికన్నా ఎక్కువ మాట్లాడే పదో వంతు మందికి వారం వారం తలనొప్పులు కొద్దిగా ఎక్కువే. అయితే కాల్స్ 2జీ మీదా 3జీ మీదా అని విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. 3జీ కాల్‌లో ఫోను వెదజల్లే శక్తి 2జీతో పోలిస్తే సుమారు వందో వంతే. తరంగాలే కారణమైతే 2జీ వాళ్లకి నొప్పి ఎక్కువుండాలి, 3జీ వాళ్లకి ఉండకూడదు. తీరా చూస్తే లంకె 2జీ కన్నా 3జీకే గట్టిగా కనిపించింది. అంటే మాటల గంటలతో పాటు వచ్చే మరేదో, అంటే ఒత్తిడి, నిద్ర చాలకపోవడం, ఉద్యోగం తీరు వంటివి, తల పోటుకి కారణం అవుతున్నాయన్నమాట.

ఇప్పుడు మీ టవరు సంగతి. మేడ మీది యాంటెనా టార్చిలైటు లాంటిది, పలకలాగా బయటికి, కొద్దిగా కిందికి వంగి కొడుతుంది. సరిగ్గా దాని కింద ఉన్న ఇంటికి చాలా తక్కువ అందుతుంది. సరే, మీ కిటికీ నేరుగా ఆ వెలుగులోనే ఉందనుకోండి. 40 వాట్ల ట్రాన్స్‌మిటరు, యాంటెనా దాన్ని ఒక దిక్కుకి 50 రెట్లు కూడగట్టిందనుకుంటే, 50 మీటర్ల దూరంలో చదరపు మీటరుకి 0.06 వాట్లు పడుతుంది. 2012 సెప్టెంబరులో మన దేశం అంతర్జాతీయ పరిమితిని పదో వంతుకి తగ్గించి పెట్టుకున్నప్పుడు 900 మెగాహెర్ట్జ్‌కి వేసిన గీత 0.45 వాట్లు. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకి దాదాపు 1000 వాట్లు, ఆ ఎండలో బండి మీద అరగంట తిరిగితే వచ్చే తలనొప్పికి టవరు సాయం అక్కర్లేదు. ఇంకో తమాషా: టవరు దగ్గరగా ఉంటే మీ ఫోను గొంతు తగ్గించి మాట్లాడుతుంది. 4జీ ఫోను గరిష్ఠంగా 200 మిల్లీవాట్లు పంపగలదు, మంచి సిగ్నల్ ఉంటే అందులో చాలా కొద్ది వంతే వాడుతుంది. కాలనీవాళ్లు ధర్నా చేసి టవరు తీయిస్తే, చెవి దగ్గరి ఫోనే గొంతు పెంచుకోవాల్సి వస్తుంది.

మరి చెవి వేడెక్కుతుంది కదా? అది బ్యాటరీ, ప్రాసెసర్ల వేడి, పైగా గాలాడకుండా చెవిని గాజుపలకతో మూసేశాం. ఫోను ఆన్ చేయకుండా అరగంట చెవికి ఆనించినా కొంత వెచ్చబడుతుంది. *#07# కొడితే వచ్చే సార్ విలువ (ఫోను తరంగాల నుంచి ఒళ్లు పీల్చుకునే శక్తి కొలత) చూసి ఫోన్లు పోల్చుకునేవాళ్లు ఉన్నారు. మన పరిమితి కిలోకి 1.6 వాట్లు, అదీ ఒక గ్రాము కణజాలం మీద సగటు. ఫోను పూర్తి శక్తితో పనిచేస్తున్నప్పుడు ల్యాబులో కొలిచిన అంకె అది. 0.9 ఉన్న ఫోనుకీ 1.1 ఉన్న ఫోనుకీ తలనొప్పిలో తేడా వెతకడం వృథా. రేడియేషన్ ఆపే స్టిక్కర్లు, 'చిప్'లు అసలే కొనకండి. అవి పనిచేయకపోతే డబ్బు దండగ, నిజంగా పనిచేసి సిగ్నల్‌ని అడ్డుకుంటే ఫోను ఇంకాస్త గట్టిగా అరుస్తుంది. 2011లో డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను క్యాన్సర్ 'కారకం కావచ్చు' జాబితాలో (2బి) పెట్టడం వేరే చర్చ. అది మెదడు గడ్డల గురించి, తలనొప్పి గురించి కాదు. ఆ జాబితాలో ఆసియా సంప్రదాయ ఊరగాయలూ ఉన్నాయి, మన ఆవకాయను తలచుకుని కంగారు పడకండి, వాళ్లన్నది వేరే రకం.

ఇక అసలు దొంగలు. నన్నడిగితే ముందు మెడని పట్టుకోమంటాను. తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా ఉన్నప్పుడు మెడ మోసేది అంతే. ఫోను ఒళ్లో పెట్టుకుని తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోల దాకా పోతుందని 2014లో ఒక వెన్నెముక సర్జన్ కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టారు, 30 డిగ్రీలకే 18. అంకెలు కాస్త అటూ ఇటూ అయినా దిశ మాత్రం నిజం. పుర్రె అడుగున మెడ కలిసేచోట, రెండు పక్కలా గుంటల్లాంటివి ఉంటాయి. బొటనవేళ్లతో అక్కడ పది సెకన్లు గట్టిగా నొక్కండి. నొప్పి కణతలకో, కంటి వెనక్కో పాకినట్టుంటే మీ తలనొప్పిలో మెడకి వాటా ఉంది. ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించి కూర తరిగే అలవాటుంటే ఆ పక్కే ఎక్కువ పట్టేస్తుంది. మోచేతుల కింద దిండు పెట్టుకుని ఫోనును గడ్డం ఎత్తుకి తెచ్చుకోవడం, అరగంటకోసారి గడ్డాన్ని వెనక్కి లాగి ఐదు సెకన్లు చొప్పున పదిసార్లు ఉంచడం, కాల్స్‌కి ఇయర్‌ఫోన్ వాడటం, ఈ మూడూ రెండు వారాలు వదలకుండా చేస్తేనే తేడా తెలుస్తుంది. రెండు రోజులు చేసి లాభం లేదంటే లాభం లేదు.

రెండోది కళ్లు. పుస్తకం మూరెడు దూరంలో పట్టుకుంటాం, ఫోను జానెడు దూరంలో. 40 సెంటీమీటర్లకి కంటి కటకం రెండున్నర డయాప్టర్లు (కళ్లజోడు పవరుకి వాడే కొలతే) బిగించాలి, 25 సెంటీమీటర్లకి నాలుగు. గంటల తరబడి ఆ పని చేస్తే కంటిపైన, నుదుట బరువు మొదలవుతుంది. నలభై దాటినవాళ్లకి చత్వారం తోడైతే చెప్పక్కర్లేదు. "నాకు దూరం బాగా కనిపిస్తుంది, అద్దాలెందుకు" అనేవాళ్లే ఎక్కువ బాధపడతారు, ఎందుకంటే చిన్నపాటి ప్లస్ పవరు, ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని దిక్కులా ఒకేలా లేకపోవడం) దూరం చూపుని పాడుచేయవు, దగ్గర పనిలోనే బయటపడతాయి. మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాం, తెర చూస్తుంటే అది ఆరేడుకి పడిపోతుంది. ఫ్యాను కిందో ఏసీ గాలికెదురుగానో కూర్చుంటే కళ్లు ఎండిపోయి మండుతాయి. అందుకే 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరం 20 సెకన్లు చూడమంటారు. కంటి పరీక్షకి వెళ్తే "ఫోను ఇంత దూరంలో పట్టుకుంటాను" అని చేత్తో చూపించండి, లేకపోతే పుస్తకం దూరానికే అద్దాలు రాసిస్తారు.

కొత్త ఫోనుతోనే మొదలైందన్నారు కదా, మీది ఓఎల్ఈడీ తెర అయితే ఒకటి చూడండి. ఇలాంటి చాలా తెరలు వెలుగు తగ్గించాల్సినప్పుడు సెకనుకి కొన్ని వందలసార్లు ఆరి వెలుగుతాయి. కంటికి కనబడదు, కానీ కొందరికి, ముఖ్యంగా మైగ్రేన్ ఉన్నవాళ్లకి, ఆ మిణుకు పడదు. ఇంకో ఫోను కెమెరాని ప్రో మోడ్‌లో పెట్టి, షట్టరు 1/1000 సెకను కన్నా వేగంగా ఉంచి మీ తెర వైపు తిప్పండి. వెడల్పాటి, బాగా నల్లటి చారలు పరుగెడితే మిణుకు గట్టిగానే ఉంది. సెట్టింగుల్లో 'యాంటీ ఫ్లికర్' లేదా 'డీసీ డిమ్మింగ్' ఉంటే పెట్టుకోండి. లేకపోతే వెలుగు సగానికి పైనే ఉంచి, గదిలో లైటు వేసుకుని చూడండి. చీకట్లో, అతి తక్కువ వెలుగులో చూడటమే అన్నిటికన్నా చెడ్డ పద్ధతి.

ఒంటిచెంప నొప్పి, అంటే మైగ్రేన్ ఉన్నవాళ్లకి ఇంకో మెలిక. నొప్పి రావడానికి కొన్ని గంటల ముందే వెలుతురు చిరాకు పెడుతుంది, ఆవలింతలొస్తాయి, మెడ పట్టేస్తుంది. అప్పుడు ఫోను చూస్తే కళ్లు బాధపడతాయి, తర్వాత నొప్పి వస్తుంది, నేరం ఫోను మీద పడుతుంది. అప్పటికే మొదలైపోయిన నొప్పి అది. మధ్యాహ్నం భోజనం తప్పిందా, రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, నీళ్లు తాగారా అన్నవి ముందు చూడాలి.

ఇంకా అనుమానం పోలేదా? పరీక్షించుకోండి. తేలికైనది: రెండు గంటల పాఠ్యమో సినిమానో డౌన్‌లోడ్ చేసుకుని, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై బ్లూటూత్ కూడా ఆగాయో లేదో చూసుకుని, ఎప్పటిలాగే కూర్చుని చూడండి. ఇంకో రోజు సిగ్నల్ ఉన్న ఫోనును దిండు పక్కన పెట్టుకుని, దాన్ని ముట్టుకోకుండా అంతసేపూ గడపండి. మొదటిరోజు నొప్పి వచ్చి రెండోరోజు రాకపోతే జవాబు దొరికినట్టే.

గట్టిది కావాలంటే ఇంకొకరి సాయం కావాలి. వాళ్లు మీకు కనబడకుండా నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఫోను నుంచి ఇంకో ఫోనుకి కాల్ కలిపి రెండువైపులా శబ్దం ఆపేయాలి, బొరుసు పడితే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టాలి. చాలామంది ఇక్కడే తప్పుచేస్తారు: కాల్‌లో ఉన్న ఫోను వేడెక్కుతుంది, ఆ వేడే గుట్టు విప్పేస్తుంది. అందుకని రెండు సందర్భాల్లోనూ డౌన్‌లోడ్ చేసిన వీడియో శబ్దం లేకుండా నడుస్తుండాలి, వైబ్రేషన్ ఆపాలి, ఫోనును మందపాటి గుడ్డసంచిలో పెట్టి మీకివ్వాలి. తెచ్చిచ్చే మనిషి ముఖం చూసినా పసిగట్టేస్తారు, కాబట్టి సంచి బల్లమీద పెట్టి వాళ్లు వెళ్లిపోవాలి. అరగంట తల పక్కన పెట్టుకుని, 'ఉంది' లేదా 'లేదు' అని కాగితం మీద రాయండి. రోజుకొకటి చొప్పున 12 రోజులు. ఏ రోజు ఏది పడిందో వాళ్లు రాసి ఉంచాలి, పూర్తయ్యేదాకా మీరు అది చూడొద్దు. గుడ్డిగా చెప్పినా ఆరు సరిపోతాయి. తొమ్మిదో అంతకన్నా ఎక్కువో సరిపోవడం కూడా అదృష్టం మీద వందకి ఏడుసార్లు జరుగుతుంది. పదో అంతకన్నా ఎక్కువో సరిపోతే ఆలోచించాలి, అది వందకి రెండుసార్లే.

ఈలోగా మాత్రల లెక్క పెట్టుకోండి. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలకి 15 రోజులు, కెఫీన్ కలిపినవో రెండు మూడు మందులు కలిసినవో అయితే 10 రోజులు, అలా మూడు నెలలకు మించి మింగితే ఆ మాత్రలే రోజూ తలనొప్పి తేవచ్చు. 'ఫోను తలనొప్పి' అని ఏళ్లతరబడి తిరిగేవాళ్లని ఈ మాత్రల సంగతి చాలాసార్లు ఎవరూ అడగరు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు క్యాలెండరులో నొప్పి వచ్చిన రోజు, మొదలైన వేళ, ఎంతసేపు, వేసుకున్న మాత్ర, ఈ నాలుగూ రాసి తీసుకెళ్లండి, నెలరోజులవి చాలు. బీపీ చూపించుకోండి.

ఒక్క నిమిషంలో పిడుగుపడ్డట్టు తారస్థాయికి చేరే నొప్పి, జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, ఒక పక్క చేయి పడిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, తలకి దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, వీటిలో ఏదున్నా పైన చెప్పినవన్నీ పక్కనపెట్టి అదే గంటలో ఆసుపత్రికి వెళ్లండి. యాభై దాటాక ఎన్నడూ లేనిది కొత్తగా మొదలైతే, తెల్లారి లేస్తూనే వాంతితో వస్తుంటే, ఆ వారంలోనే చూపించుకోండి.