ప్రార్థన చేసి లేచాక కూడా బరువు దిగడం లేదంటే

వందనాలండి. అత్తగారు మంచాన పడ్డారు, చిట్టీ బాకీ తరుముతోంది, రోజూ గంటసేపు మోకాళ్లూని ప్రార్థించినా గుండె మీద బరువు అలాగే ఉంటోంది, నా విశ్వాసంలోనే లోపముందా అని అడిగారు. విశ్వాసం సంగతి తర్వాత, ముందు ఆ గంటలో ఏం జరుగుతోందో చూడాలి.

మీరు రాసిన వాక్యంతోనే మొదలుపెడదాం. మత్తయి 11:28 గోడ క్యాలెండర్ల మీద తరచూ ఇంతవరకే ఉంటుంది: "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి; నేను మీకు విశ్రాంతి కలుగజేతును." ఆ వెంటనే 29వ వచనంలో "నా కాడి యెత్తికొని" అన్న మాట ఉంది. విశ్రాంతి ఇస్తానన్న యేసే కాడి ఎత్తుకోమంటున్నాడు. కొట్టంలో పడుకున్న ఎద్దుకు ఎవరూ కాడి కట్టరు కదా. అంటే అత్తగారికి పక్క మార్చే పని రేపూ మీదే, బాకీ కట్టాల్సిందీ మీరే. 30వ వచనంలో కాడి "సుళువు" అన్నచోట గ్రీకు మూలంలో ఉన్నది క్రేస్టోస్ అనే మాట. 1 పేతురు 2:3లో అదే మాటను మన బైబిలు "దయాళుడు" అని అనువదించింది. మెడను ఒరిపిడి పెట్టని కాడి అన్నమాట. సరిగ్గా అమరని కాడి కింద ఖాళీ బండి లాగినా మెడ పుండవుతుంది.

మరి దిగాల్సిన బరువు ఏది? మత్తయి 23:4లో ఆనాటి మతపెద్దలైన శాస్త్రులూ పరిసయ్యులూ మోయలేని బరువులు కట్టి జనం భుజాల మీద పెడతారని యేసు అంటాడు. 11:28లోని భారమూ ఈ బరువూ గ్రీకులో ఒకే ధాతువు నుంచి వచ్చినవి. మన దగ్గర దీని రూపం వేరు. శుక్రవారం ఉపవాస కూడిక తప్పితే కీడు జరుగుతుందని, కానుక తగ్గిస్తే పని ఆగిపోతుందని, ఫలానా అక్క సాక్ష్యంలో మూడు రోజులకే జవాబు వచ్చింది, నాకు రాలేదంటే ఏదో పాపం దాగి ఉందని. ముందు దించుకోవాల్సింది దీన్ని. ఉపవాసం మంచిదే. భయంతో చేసే ఉపవాసం మాత్రం ఇంకో చిట్టీ, డబ్బు చేతికి రాకుండానే నెలనెలా కడుతూనే ఉండాలి.

ఇక చేయాల్సిన పని. గంట వద్దు, 15 నిమిషాలు చాలు. పడుకోబోయే ముందు కాకుండా, సాయంత్రం వంటకు ముందు కూర్చోండి. ఒక నోటుపుస్తకం తీసి పేజీ మధ్యలో గీత గీయండి. గలతీ 6:2లో "ఒకని భారముల నొకడు భరించి" అని ఉంటుంది, మూడు వచనాలు దాటాక 6:5లో "ప్రతివాడును తన బరువు తానే భరించుకొనవలెను" అని ఉంటుంది. గ్రీకులో ఇవి రెండు వేర్వేరు మాటలు. గీతకు ఎడమవైపు 6:5లో చెప్పినట్టు మీరే మోయాల్సిన బరువు రాయండి, అదీ తేదీతో, అంకెతో: "10వ తేదీలోపు చిట్టీకి 5 వేలు", "మంగళవారం అత్తగారి మందులు". కుడివైపు మీ చేతిలో లేనివి: "నలుగురిలో పరువు పోతుందేమో", "ఆవిడ ఇంకెన్నాళ్లు ఇలా". "నా కష్టాలన్నీ" అని రాస్తే కుదరదు, పేరు పెట్టని బరువును ఎవరి చేతికీ అందించలేం.

కుడివైపు రాసినదాన్ని 13వ కీర్తన వరసలో పలకండి. ఆరే వచనాలు. మొదటి రెండూ "ఎన్నాళ్లవరకు", "ఎంతవరకు" అంటూ నిలదీయడం. 3, 4 వచనాలు అడగడం. ఐదో వచనంలో "నేనైతే" అన్న మాటతో కీర్తన మలుపు తిరుగుతుంది. కీర్తన పాడిన దావీదు పరిస్థితి అక్కడ ఏమీ మారలేదు, శత్రువు అలాగే ఉన్నాడు. మీరూ అలాగే: రెండు వాక్యాల్లో గోడు, ఒక్క వాక్యంలో అడిగేది, చివర "నేనైతే" అని మొదలుపెట్టి ఒక వాక్యం. పైకి వినబడేలా చెప్పి, ఆ లైను కొట్టేసి లేవండి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. గోడు చెప్పడం అవిశ్వాసమనుకుని మొదటి నిమిషంలోనే "స్తోత్రం, స్తోత్రం" అంటూ ఐదో వచనానికి దూకేస్తారు. లోపలిది లోపలే ఉండిపోతుంది. 88వ కీర్తన "నేనైతే" దాకా కూడా రాదు, చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, అయినా అది బైబిల్లోనే ఉంది. రెండోది, ప్రార్థన కాస్తా కళ్లు మూసుకుని చేసే దిగులైపోవడం. పది నిమిషాలయ్యేసరికి దేవునితో మాట్లాడటం పోయి, బాకీవాడు అన్న మాటలకు మనసులో జవాబులు చెప్పుకుంటూ ఉంటారు. అది పట్టుకోగానే ఆపేయండి. గంట నిండలేదని కొనసాగిస్తే ఇంకా అలసిపోతారు. కొట్టేసిన లైను మర్నాడు మళ్లీ వస్తుంది, కంగారుపడకండి, మళ్లీ రాసి మళ్లీ అప్పగించడమే.

ఒంటి అలసటను ఆత్మ ఖాతాలో వేయకండి. 1 రాజులు 19లో ప్రవక్త ఏలీయా చావు కోరుకుని చెట్టు కింద పడుకుంటే దేవదూత ప్రసంగం చేయలేదు. కాల్చిన అప్పం, నీళ్లు పెట్టి తినమన్నాడు. తిని పడుకున్నాక మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. మీకు వారంలో కనీసం రెండు గంటలైనా ఆవిడ మంచం దగ్గర నుంచి లేచే వీలుండాలి. సంఘంలో "ప్రార్థన చేయండి" అని అడిగితే ప్రార్థనే చేస్తారు. "ఆదివారం రెండింటి నుంచి నాలుగింటి దాకా అత్తమ్మ దగ్గర కూర్చుంటావా అక్కా" అని మనిషిని చూసి, టైము చెప్పి అడగండి. ఆ రెండు గంటల్లో గిన్నెలు తోమకండి, నిద్రపోండి.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ఒక్కరోజైనా బతకాలనిపించకపోయినా డాక్టరుకు చూపించుకోండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు రాత్రి ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేసిన రోజు నోటుపుస్తకంలో ఎడమవైపు ఇంకో లైను చేరుతుంది, అంతే: "డాక్టరు, గురువారం పదింటికి."