పిక్సెల్ ఆర్ట్‌లో రాళ్లు: దిండ్లు గీసి గీసి నేర్చుకున్న సంగతులు

మీ ఇబ్బంది ఇదే కదా: ఆట కోసం 16×16 టైల్స్‌లో (అడ్డం 16, నిలువు 16 పిక్సెల్స్ ఉండే చదరాలు, పక్కపక్కన పేర్చి గోడలు కట్టేవి) రాళ్లు గీస్తున్నారు, బూడిద రంగులే వాడారు, అయినా సిమెంటు ముద్దల్లా కనిపిస్తున్నాయి. గరుకుగా ఉండాలని చుక్కలు చల్లితే ఇంకా చెడింది. రంగులు ఎలా ఎంచుకోవాలి, టెక్స్చర్ (రాయి పైన కనిపించే గరుకుదనం) ఎంత పెట్టాలి అని అడిగారు.

నేనూ అచ్చం అక్కడే ఇరుక్కున్నా. మొదటిసారి గుహ టైల్స్ చేసినప్పుడు నలుపు నుంచి తెలుపు దాకా ఏడు బూడిద షేడ్లు సమానంగా పంచుకున్నా. ప్రతి రాయికీ చుట్టూ ముదురు, లోపలికి పోయేకొద్దీ లేత, నడిమధ్యన తెలుపు. రెండు రాత్రుళ్లు కూర్చుని చేసి స్నేహితుడికి చూపిస్తే, "ఈ దిండ్లన్నీ ఎందుకు పేర్చావురా?" అన్నాడు. ఈ తప్పుకి పిల్లో షేడింగ్ అనే పేరే ఉందని తర్వాత తెలిసింది. వెలుగు ఎటు నుంచి పడుతోందో తేల్చుకోకుండా అంచు వెంబడి షేడ్ చేసుకుంటూ పోతే రాయైనా, కుండైనా, తలకాయైనా దిండే అవుతుంది.

అందుకని టెక్స్చర్‌ని కాసేపు మర్చిపోండి. ముందు రాయి ముఖాలు, అంటే ఒక్కో వైపు తిరిగి ఉన్న పలకలు, తేల్చండి. వెలుగు ఎడమ పైమూల నుంచి వస్తోందనుకుందాం. టైల్ మొత్తం మధ్యస్థం రంగుతో నింపి, రాయి ఆకారాన్ని వంకరటింకర గీతలతో కోయండి. పైముఖం లేత, ఎడమ ముఖం మధ్యస్థం, కుడివైపు, కింద ముదురు. ముఖానికి ముఖానికి మధ్య రంగు ఠక్కున మారాలి, కరిగిపోకూడదు. ఈ మూడు రంగులతోనే అది రాయిలా కనిపించాలి. కనిపించలేదంటే మీరు పైన ఎన్ని చుక్కలు పెట్టినా దండగే. ఇక్కడ డిథరింగ్ (రెండు రంగుల పిక్సెల్స్‌ని గళ్లలా కలిపి మధ్య రంగులా కనిపించేట్టు చేయడం) జోలికి పోవద్దని నా సలహా. ఇంత చిన్న టైల్‌లో అది ఇసుకలా కనిపిస్తుంది తప్ప రాయిలా కాదు.

ఇప్పుడు రంగులు. ఉత్త బూడిద తీసుకుంటే రాయి చచ్చినట్టు ఉంటుంది. నీడని నీలం, ఊదా వైపు, వెలుగుని పసుపు వైపు కొద్దిగా జరపాలి. నేను ఇప్పటికీ వాడే ఐదు రంగులు ఇవి. అన్నిటికన్నా ముదురుది హ్యూ (రంగుల చక్రంలో చోటు, డిగ్రీల్లో) 250, శాచురేషన్ (రంగు గాఢత, శాతంలో) 35, బ్రైట్‌నెస్ (వెలుగు, శాతంలో) 22. తర్వాత వరసగా 228, 26, 38. 205, 14, 55. 60, 8, 72. చివరిది 50, 12, 88. మూడో రంగు నుంచి నాలుగో రంగుకి హ్యూ నీలం నుంచి పసుపుకి ఒక్కసారిగా దూకుతోంది, చూశారా? అక్కడ శాచురేషన్ బాగా తక్కువ కాబట్టి ఆ దూకుడు కంటికి ఆనదు. రాయి మాత్రం బతికొస్తుంది. ఎర్రరాయి కావాలంటే (రాతిలోని ఇనుము తుప్పు పడితే వచ్చే రంగే అది) మధ్య మూడింటినీ ఇటుక రంగుకి తిప్పి, నీడని ఊదాలోనే ఉంచండి. ఐదూ ఎంచుకున్నాక ఒకసారి శాచురేషన్ మొత్తం తీసేసి చూడండి. పక్కపక్క రంగులు రెండు ఒకేలా కనిపిస్తే వాటిలో ఒకటి అనవసరం.

ఐదు చాలవేమో అని బెంగపడకండి. 1989లో వచ్చిన చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్‌కి ఉన్నవే నాలుగు షేడ్లు. నింటెండో వాళ్ల పాత ఆటల యంత్రం ఎన్ఈఎస్‌లో ఒక్కో బ్యాక్‌గ్రౌండ్ పాలెట్‌కి (రంగుల జట్టుకి) సొంతంగా మూడు రంగులు, అన్నిటికీ ఉమ్మడిగా ఇంకొకటి, అంతే. వాటితోనే గుహలూ, కొండలూ కట్టారు.

టెక్స్చర్ విషయంలో నాకు బాగా పనికొచ్చింది పగులు. రెండు మూడు పిక్సెల్స్ ముదురు రంగు పెట్టి, దానికి కుడి కింది పక్కన ఒకే ఒక్క లేత పిక్సెల్ పెట్టండి. వెలుగు ఎడమ పైనుంచి వస్తోంది కాబట్టి పగులు అవతలి గోడ మీదే పడుతుంది. ఆ ఒక్క పిక్సెల్‌తో గీత కాస్తా లోతైపోతుంది. ఒక టైల్‌కి ఇలాంటివి రెండు చాలు, అవి కూడా ముఖాలు కలిసే అంచుల దగ్గర ఉంటే బాగుంటుంది. మిగతా చోటంతా ఖాళీగా వదిలేయండి. ఖాళీ చూసి చేతులు దురద పెడతాయి, నాకు తెలుసు.

ఏ రాయి అన్నదాన్ని బట్టి గీతల దారి మారుతుంది. ఇసుకరాయికి అడ్డంగా, మందం సమానంగా లేని పొరలు. బసాల్ట్‌కి (లావా చల్లారి గట్టిపడిన నల్లరాయికి) నిలువు స్తంభాలు. ఏటి గులకరాళ్లకి కోసుగా ఉండే అంచులే ఉండవు, గుండ్రంగా చేసి చిన్న హైలైట్ ఒకటి పెట్టాలి. తడిసిన రాయి కావాలంటే రంగులన్నీ ఒక మెట్టు ముదురు చేసి, శాచురేషన్ కాస్త పెంచి, తెల్లటి మెరుపు ఒకటి రెండు చోట్ల పెట్టండి.

ఇక నన్ను ఎక్కువ ఏడిపించింది టైల్ పక్కన టైల్ పేర్చడం. ఒక టైల్ మూలలో అందంగా ఉందని ఒక తెల్ల పిక్సెల్ పెట్టా. గోడ నిండా పరిచేసరికి ప్రతి 16 పిక్సెల్స్‌కీ ఆ చుక్కే, చుక్కల చీరలాగా! ఒంటరి టైల్‌లో బాగున్నదే గోడ మీద బోర్ కొట్టిస్తుంది. పిక్సెల్ ఆర్ట్ గీసే సాఫ్ట్‌వేర్ ఏస్‌ప్రైట్‌లో వ్యూ మెనూలో టైల్డ్ మోడ్ ఉంటుంది, అది ఆన్ చేసుకుని గీయండి. లేకపోతే బొమ్మని అడ్డంగా, నిలువుగా 8 పిక్సెల్స్ జరిపితే అంచులు మధ్యకొస్తాయి, అతుకు కనిపిస్తే అక్కడే సరిచేయొచ్చు. పగుళ్లున్నవి, నాచు పట్టినవి విడి టైల్స్‌గా చేసుకుని, సాదా టైల్స్ మధ్య అక్కడక్కడా వేయండి. నేనైతే పది సాదా టైల్స్‌కి ఒకటి చొప్పున వేస్తా.

నేపథ్యంలో ఉండే రాళ్లకి మాత్రం ఆ ఐదింటిలో మధ్య మూడే వాడండి. చిట్టచివరి ముదురు, లేత రంగుల్ని ఆటలోని పాత్రకీ, అది కాలు పెట్టి నిలబడే అంచుకీ దాచి ఉంచండి. నా గుహలో హీరో బూడిద చొక్కా వేసుకుని గోడలో కలిసిపోయాడు. వాడెక్కడున్నాడో నాకే తెలిసేది కాదు. జూమ్ తీసేసి 100 శాతంలో చూస్తే ఇలాంటివి ఇట్టే బయటపడతాయి. మీ టైల్ పెట్టండి, పాత్రతో కలిపి స్క్రీన్‌షాట్ తీసి పెడితే ఇంకా మంచిది, ముఖాలు ఎక్కడ కోయాలో గీసి చూపిస్తా.