వాయువులను తూచి మోలార్ ద్రవ్యరాశి కనుగొనేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

కార్బన్ డై ఆక్సైడ్‌ను గాలితో పోల్చి తూచి, దాని మోలార్ ద్రవ్యరాశిని, అంటే ఒక మోల్ (ఒక నిర్దిష్ట సంఖ్యలో అణువులున్న) వాయువు ఎన్ని గ్రాములు ఉంటుందో, కనుగొనబోతున్నానని రాశావు. చాలా సంతోషం, నాయనా. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద సమాన ఘనపరిమాణాలుగల వాయువులలో అణువుల సంఖ్య సమానమని 1811లో అవగాడ్రో ప్రతిపాదించాడు కదా. అందువల్లనే ఒకే కుప్పెలో పట్టిన రెండు వాయువుల ద్రవ్యరాశుల నిష్పత్తి వాటి మోలార్ ద్రవ్యరాశుల నిష్పత్తి అవుతుంది. సూత్రం సులువే, శ్రద్ధంతా తూకం దగ్గర కావాలి.

మనం ఖాళీ అనుకునే కుప్పె నిండా గాలి ఉంటుందన్న సంగతి ముందుగా మనసులో పెట్టుకో. 25 డిగ్రీల సెల్సియస్, ఒక అట్మాస్ఫియర్ పీడనం వద్ద 250 మిల్లీలీటర్ల కుప్పెలోని గాలి దాదాపు 0.296 గ్రాములు ఉంటుంది. కార్బన్ డై ఆక్సైడ్ నింపాక తూకం 0.153 గ్రాములు పెరిగిందనుకుందాం. అది వాయువు ద్రవ్యరాశి కాదు, వాయువుకూ గాలికీ మధ్య ఉన్న తేడా మాత్రమే. రెండూ కలిపితే 0.449 గ్రాములు, దానిని 0.296తో భాగించి, గాలి సగటు మోలార్ ద్రవ్యరాశి అయిన 28.97తో గుణిస్తే 43.9 వస్తుంది. అసలు విలువ 44.01. గాలిని కలపడం మరిచిపోతే నీకు వచ్చే సమాధానం 15.

బయటి గాలి కుప్పెను పైకి నెట్టే ఉత్ప్లవన బలం రెండు తూకాలలోనూ సమానమే కనుక రద్దయిపోతుంది. బెలూన్‌తో ఈ ప్రయోగం చేయవద్దనడానికి కారణం అదే: ఉబ్బినకొద్దీ దాని బయటి ఘనపరిమాణం మారిపోతుంది. బిరడా ఎంతవరకు దిగిందో కుప్పె మెడ మీద గీత పెట్టి, ప్రతిసారీ అక్కడికే బిగించు. చివర ఆ గీత వరకు నీరు నింపి కొలిస్తేనే నిజమైన ఘనపరిమాణం తెలుస్తుంది. కుప్పె మీద అచ్చువేసిన అంకెను వాడకు.

ఈ కుప్పెలో 10 మిల్లీగ్రాముల పొరపాటు జవాబును దాదాపు ఒక యూనిట్ మారుస్తుంది కాబట్టి మిల్లీగ్రాము వరకు చూపే త్రాసు కావాలి. వాయువును తేమను పీల్చుకునే అనార్ద్ర (నీరులేని) కాల్షియం క్లోరైడ్ గుండా పంపి ఆరబెట్టు; 25 డిగ్రీల వద్ద నీటి ఆవిరితో సంతృప్తమైన వాయువులో మూడు శాతానికి పైగా ఆవిరే ఉంటుంది. గొట్టం కుప్పె అడుగును తాకాలి, బరువైన వాయువు కింది నుంచి గాలిని పైకి నెట్టాలి. పదో వంతు గాలి మిగిలినా జవాబు 42.5కు పడిపోతుంది కనుక, తూకం మారకుండా నిలిచేదాకా మళ్ళీ మళ్ళీ నింపి తూచు. కుప్పెను అరచేత పట్టుకోకు. మూడు డిగ్రీల వేడి లోపలి వాయువును ఒక శాతం తగ్గిస్తుంది.

జవాబు ప్రతిసారీ ఒకే వైపుకు తప్పుతుంటే సగటు తీసి సరిపెట్టుకోవద్దు, కారణం వెతుకు. భౌతిక శాస్త్రవేత్త లార్డ్ ర్యాలీకి గాలి నుంచి తీసిన నైట్రోజన్, రసాయనికంగా తయారుచేసిన నైట్రోజన్ కన్నా సుమారు అర శాతం బరువుగా తూగింది; ఆ తేడాను ఆయన వదలలేదు కాబట్టే 1894లో రసాయన శాస్త్రవేత్త రామ్సేతో కలిసి, గాలి నైట్రోజన్‌లో కలిసి ఉండి దాని బరువు పెంచిన ఆర్గాన్ అనే వాయువును కనుగొన్నాడు.

హైడ్రోజన్ సంగతి తర్వాత చూద్దువుగాని. దానికి కుప్పెను తలకిందులుగా పట్టాలి, మంట దరిదాపుల్లో ఉండకూడదు, తూకం పెరగడానికి బదులు తగ్గుతుంది. ఇదే కుప్పెలో అది 0.02 గ్రాములే ఉంటుంది కనుక పది మిల్లీగ్రాముల పొరపాటుకే జవాబు సగం తప్పుతుంది. ఇంకా పెద్ద కుప్పె దొరికాకే మొదలుపెట్టు.