సమాజశాస్త్రానికి పరిచయం రాయబూనిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రాతప్రతి అందింది. సాధారణ పాఠకులకూ డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకూ ఒకేలా పనికివచ్చేటట్టు సమాజశాస్త్రాన్ని తెలుగులో పరిచయం చేయాలన్న నీ సంకల్పం నాకు నచ్చింది. అయితే మొదటి అధ్యాయంలో ఆరో పేజీ దగ్గర ఆగిపోయాను. అక్కడిదాకా ఉన్నవన్నీ నిర్వచనాలే. ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కోంత్ 1838లో ఈ శాస్త్రానికి పేరు పెట్టాడనీ, ఆ పేరులో సగం లాటిన్, సగం గ్రీకు అనీ, బొంబాయి విశ్వవిద్యాలయంలో 1919లో ప్యాట్రిక్ గెడ్డెస్ ఆధ్వర్యంలో ఈ శాఖ మొదలైందనీ వరసగా చెప్పుకుంటూ పోయావు. ఇవన్నీ నిజాలే. ఒక మార్కు ప్రశ్నలకు బాగా పనికివస్తాయి కూడా. కానీ పుస్తకాల కొట్టులో నిలబడి నీ పుస్తకం తిరగేసే మనిషి వీటికోసం డబ్బు పెట్టడు. వాటిని వెనక అధ్యాయాలకు పంపించు.

వృక్షశాస్త్రం చదవబోయేవాడికి కణం ఎలా ఉంటుందో ముందుగా తెలియదు కాబట్టి అక్కడ నిర్వచనంతో మొదలుపెట్టినా చెల్లుతుంది. సమాజం సంగతి అలా కాదు. సంబంధాలు ఎలా కుదురుతాయో, ఎవరింట్లో ఎవరు భోంచేస్తారో, పంచాయతీలో ఎవరి మాట చెల్లుతుందో నీ పాఠకుడికి నీకంటే బాగా తెలుసు. తనకు తెలిసిన ఆ ఏర్పాటు మరోలా కూడా ఉండవచ్చునన్న అనుమానమే అతనికి ఎన్నడూ కలగలేదు. ఆ అనుమానం కలిగించడం నీ మొదటి అధ్యాయం పని.

దానికి మన భాషలోనే ఉన్న బంధుత్వపు మాటలకంటే మంచి ద్వారం నాకు కనిపించదు. పెదనాన్న, చిన్నాన్న పిల్లలూ, పెద్దమ్మ, పిన్ని పిల్లలూ మనకు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అవుతారు. మేనమామ పిల్లలూ మేనత్త పిల్లలూ మాత్రం బావలూ, వదినలూ, మరదళ్లూ, బావమరుదులూ అవుతారు. రక్తసంబంధం లెక్కన చూస్తే ఇద్దరూ సమాన దూరంలోనే ఉన్నారు. అయినా ఒకరితో పెళ్లి అన్న ఊహే తప్పు, మరొకరితో పెళ్లి నిన్నమొన్నటిదాకా పెద్దలు కోరుకున్న సంబంధం. మేనమామనూ భార్య తండ్రినీ కూడా ‘మామ’ అనే పిలుస్తాం. మేనత్తనూ భర్త తల్లినీ కూడా ‘అత్త’ అనే పిలుస్తాం. అంటే పెళ్లి నియమం మన నోట్లో మాటగా కూర్చుని ఉంది, దాన్ని ఎవరూ విడిగా నేర్పనక్కరలేకుండా బిడ్డకు మాటలతోపాటే వచ్చేస్తుంది. హిందీ మాట్లాడే ఇళ్లలో మేనమామ కూతురు కూడా చెల్లెలే. తెలుగునేల మీదే ఎన్నో ముస్లిం కుటుంబాల్లో చిన్నాన్న కూతురిని చేసుకోవడం కూడా తప్పుకాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల పెళ్లిని నిషేధిస్తూనే, ఇరువైపులవారి ఆచారం ఒప్పుకుంటే చెల్లుతుందని మినహాయింపు పెట్టవలసి వచ్చింది. అమెరికాలో పెరిగిన మనవడు బావనూ అన్ననూ కలిపి ‘కజిన్’ అనేస్తే అమ్మమ్మ ఎందుకు ఉలిక్కిపడుతుందో ఇక నువ్వు వేరే వివరించనక్కరలేదు. ‘సామాజిక నిర్మితి’, అంటే ప్రకృతి ఇచ్చినది కాక మనుషులు కలిసి ఏర్పరచుకున్నది, అన్న పెద్ద మాటను ఈ నాలుగు పేజీలు అయ్యాక వాడు. అప్పుడు దాని బరువు పాఠకుడు మోయగలుగుతాడు.

అక్కడినుంచి కులానికి దారి దగ్గర. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం అయితే పెళ్లి కుదరదు. కులం వేరైతేనూ కుదరదు. బయటికి వెళ్లమనే నియమం ఒకటి, లోపలే ఉండమనే నియమం మరొకటి. ఈ రెండో నియమమే కులానికి ప్రాణమని 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక సెమినార్‌లో పాతికేళ్ల అంబేడ్కర్ తన వ్యాసంలో వాదించాడు. నువ్వు ఆయన్ను రాజ్యాంగం గురించిన చివరి అధ్యాయంలో ఒక పేరాలో పెట్టావు. ఆయన ఈ శాస్త్రంలో వాదన చేసినవాడు; నీ పుస్తకంలో ఆ వాదననే నడిపించు. గుంపు లోపలే పెళ్లిళ్లు జరగాలంటే ఆడా మగా సంఖ్య సరిపోతూ ఉండాలి. భర్త పోయిన స్త్రీ ఆ లెక్కలో మిగిలిపోతుంది, ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే కన్యల వాటా తగ్గుతుంది. కాబట్టి సహగమనమో నిర్బంధ వైధవ్యమో ఆమె పాలవుతుంది. భార్య పోయిన పురుషుణ్ని అలా తీసిపారేయలేరు కనుక ఇంకా పెళ్లీడు రాని పిల్లల్లోనుంచి ఒకతెను తెచ్చి కట్టబెడతారు. మూడు దురాచారాలనూ ఒకే యంత్రానికి ఉన్న మూడు చక్రాలుగా చూపించిన వాదన ఇది. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, సమాజశాస్త్రపు ఆలోచన ఎలా నడుస్తుందో చూపడానికి ఇంతకంటే మంచి నమూనా నీకు దొరకదు.

ఇప్పుడు దీని పక్కన మన గురజాడను పెట్టి చూడు. ‘కన్యాశుల్కం’ తొలిసారి 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. ఆ మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటను మనవాళ్లు నాటకం చదివినంత శ్రద్ధగా చదవరు. విజయనగరం మహారాజు ఆనందగజపతి శాసనమండలిలో బిల్లు పెట్టే ఉద్దేశంతో విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించాడని గురజాడ అందులో చెబుతాడు. లెక్కకు వచ్చినవి 1034, అంటే ఏడాదికి సగటున 344. పెళ్లినాటికి ఏడాది నిండిన పిల్లలు కూడా ఆ జాబితాలో ఉన్నారు. నాటకంలో సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వజూపడం, చిన్నతనంలోనే విధవ అయిన సుబ్బి అక్క బుచ్చమ్మ ఆ పుట్టింట్లోనే తిరుగుతూ ఉండడం — ఈ రెంటినీ అంబేడ్కర్ వాదన వెలుగులో మళ్లీ చదువు. మిగిలిపోయిన స్త్రీ, మిగిలిపోయిన పురుషుడు ఒకే కథలో ఎదురుబొదురుగా నిలబడి కనిపిస్తారు. నీ విద్యార్థులకు ఈ నాటకం ఇప్పటికే తెలుసు. గిరీశం మాటలకు నవ్వుకున్నవాళ్లకు ఆ నవ్వు వెనక ఒక పట్టిక ఉందని తెలిస్తే గణాంకాలంటే భయం పోతుంది.

అదే ముందుమాటలో నాకు మరీ ఇష్టమైన సంగతి ఇంకొకటుంది. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి సహజంగానే ఎవరూ ఇష్టపడరు గనుక ఆ జాబితా సంపూర్ణం కాదని గురజాడ తానే హెచ్చరించాడు. అంకెను ఇస్తూనే దాని లోపాన్నీ చెప్పడం నూట పాతికేళ్ల కిందటే మనకు తెలిసిన మర్యాద. నీ ‘పరిశోధనా పద్ధతులు’ అధ్యాయంలో ప్రశ్నావళి, ఇంటర్వ్యూ, నమూనా అంటూ పద్నాలుగు పేజీలు రాశావు గానీ, మనుషులు అబద్ధం ఎందుకు చెబుతారన్న ప్రశ్న ఒక్కచోట కూడా లేదు. ‘అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ ఏమైనట్టు?’ అన్న సామెతతో ఆ అధ్యాయం ఎత్తుకుని ఉంటే సగం పని అక్కడే అయిపోయేది.

ఈ విషయంలో నేను తిన్న దెబ్బ ఒకటి చెబుతాను. నీ వయసులో ఉన్నప్పుడు ఒక వారపత్రికకు మా ప్రాంతపు పల్లెల మీద వరసగా వ్యాసాలు రాశాను. ఒక ఊళ్లో రచ్చబండ మీద కూర్చుని, వచ్చిన ప్రతివాణ్నీ అడిగాను. ‘ఇప్పుడెక్కడి కులాలు బాబూ, అవన్నీ పాత మాటలు’ అని అందరూ ఒకే గొంతుతో అన్నారు. కులం కరిగిపోతోందని నేను సంతోషంగా రాసి పంపాను, పత్రికవాళ్లు అచ్చు వేశారు. రెండు వారాలకు ఒక పోస్టుకార్డు వచ్చింది, సంతకం లేదు. ‘మీరు ఊళ్లో అడిగారు. వాడలో అడగలేదు’ అని రెండే వాక్యాలు. ఆ కార్డు చాలాకాలం నా బల్ల మీద అద్దం కింద ఉండేది. ఊరూ వాడా అన్న జంటపదాన్ని అంతకుముందు వేలసార్లు వాడి ఉంటాను. అది ఊరి పటమన్న సంగతి ఆనాటిదాకా నాకు తట్టలేదు.

నాకంటే ఎంతో పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. ఎం. ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర ఒక పల్లెలో ఉండి అధ్యయనం చేశాడు, ఆ ఊరికి రాంపుర అని మారుపేరు పెట్టాడు. తన వివరాల కాగితాలు 1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో దుండగులు పెట్టిన మంటల్లో కాలిపోతే, జ్ఞాపకం మీద ఆధారపడి ఆ ఊరిని మళ్లీ పుస్తకంగా నిలబెట్టాడు. ఆ పుస్తకంలోనే, తన బస పెద్దకులాల వీధిలో ఉండడంవల్ల తాను చూసిన ఊరు ఎక్కువగా వాళ్లు చూసే ఊరేనని ఒప్పుకున్నాడు. కాగితాలు తగలబడిన కథను నువ్వు ఉత్సాహంగా ఒక పేజీ రాశావు, కానీ ఈ ఒప్పుకోలును వదిలేశావు. నేనైతే తిరగేసి రాస్తాను.

శ్యామాచరణ్ దూబే ఉస్మానియాలో పనిచేస్తున్న రోజుల్లో హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటను అధ్యయనం చేసి, 1955లో ఇంగ్లీషులో ప్రచురించిన పుస్తకానికి నువ్వు ఒక్క వాక్యం ఇచ్చావు. వైద్యం, వ్యవసాయం, పశువైద్యం చదివినవాళ్లను కూడా వెంటపెట్టుకుని ఆయన ఒక తెలుగు పల్లెలో పని చేయించాడు. ఇవాళ ఆ ఊరు ఔటర్ రింగు రోడ్డు పక్కన ఉంది. నీ పాఠకుల్లో ఎంతోమంది ఆ చెరువు కట్ట మీదుగా పోయి ఉంటారు. ఒకరోజు తీరిక చేసుకుని, ఆ పుస్తకం చేతిలో పట్టుకుని అక్కడ తిరిగిరా. అప్పటి ఊరిలో ఏది మిగిలింది, ఏది మారింది అన్న నాలుగు పేజీలు నీ స్వంత కళ్లతో రాసినవై ఉంటాయి. ఇప్పుడు రాతప్రతిలో అలాంటి పేజీ ఒక్కటీ లేదు.

ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్కైమ్ మీద రాసిన అధ్యాయం మిగతావాటికంటే బాగుంది. ఆత్మహత్య అంత ఏకాంతమైన చర్యలో కూడా సమాజపు పాత్ర ఉందని, దేశదేశాల రేట్లు ఏటేటా పెద్దగా మారకుండా నిలబడతాయనీ, ప్రొటెస్టెంట్ ప్రాంతాల్లో కాథలిక్ ప్రాంతాలకంటే ఎక్కువనీ, యుద్ధకాలంలో తగ్గుతాయనీ ఆయన 1897లో చూపిన తీరును స్పష్టంగా చెప్పావు. దాన్ని ఐరోపాలోనే వదిలేయకు. 1997–98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నప్పుడు పత్రికల్లో ప్రతి మరణం వెనకా ఒక ఇంటి అప్పు కథ వచ్చింది. ఆ కథలన్నీ పక్కపక్కన పెడితే లద్దెపురుగు, పనిచేయని మందు, మందు అమ్మినవాడే అప్పూ ఇచ్చి పంటా కొనే ఏర్పాటు, బ్యాంకు గడప ఎక్కలేని కౌలు రైతు — ఇవే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఒక మనిషి కష్టం ఎక్కడ పదిమంది సమస్య అవుతుందో పాఠకుడికి ఇక్కడ తెలుస్తుంది. పట్టాదారు పాసు పుస్తకం లేని కౌలుదారూ, భూమి తన పేరున లేని ఆడమనిషీ చనిపోతే ‘రైతు’ అన్న గడిలో చేరడం ఎంత కష్టమో కూడా రాయి. డర్కైమ్ మీద వచ్చిన విమర్శ కూడా ఇలాంటిదే: మరణానికి కారణం ఇదీ అని రాసే చేతిని బట్టి అంకె మారుతుంది.

ఇక మాటల సంగతి. బడిలో ‘సోషల్’ అనే సాంఘిక శాస్త్రం ఒకటి, అర్థశాస్త్రం మొదలైనవన్నీ కలిపిన సామాజిక శాస్త్రాలు మరొకటి, నువ్వు రాస్తున్న సమాజశాస్త్రం ఇంకొకటి. నువ్వు ఈ మూడింటినీ మార్చి మార్చి వాడావు. అంతకంటే ప్రమాదం ‘సామాజిక వర్గం’తో వచ్చింది. ఆస్తినీ ఆదాయాన్నీ బట్టి ఏర్పడే వర్గం అన్న అర్థంలో నువ్వు దాన్ని రాశావు. కానీ మన దినపత్రికలు కులం అనడానికి మొహమాటపడి ఆ మాటను అరువు తెచ్చుకుని ఎన్నో ఏళ్లయింది. ‘ఫలానా సామాజిక వర్గానికి చెందిన నాయకుడు’ అని చదివిన తెలుగువాడు అతని ఆస్తి గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించడు. నీ వాక్యాన్ని అతడు నువ్వు రాసినదానికి పూర్తిగా వేరైన అర్థంలో చదువుతాడు. నువ్వు ‘వర్గం’ అని మాత్రమే రాయి, మొదటిసారి వచ్చినచోట ఈ తికమకను పాఠకుడి ముందే పెట్టు. ఒక మాట ఇలా ముసుగు వేసుకోవడం కూడా నీ శాస్త్రం పట్టించుకోవలసిన విషయమే కదా. జర్మన్ సమాజశాస్త్రవేత్త వెబర్ వర్గాన్నీ హోదానూ విడదీసిన చోట ‘హోదా’కు తోడుగా ‘పరువు’ను తెచ్చుకో. డబ్బున్నా అద్దెకు ఇల్లు దొరకని మనిషి ఎక్కడ దెబ్బతింటాడో ఆ మాట వెంటనే చెబుతుంది. ‘సంస్కృతీకరణ’ను ఉంచక తప్పదు గానీ, సంస్కారం నేర్పడం అనే అర్థంలో చదువుకునే అపాయం ఉంది, కింది కులం పై కులపు ఆచారాలను తనవిగా చేసుకుని మెట్టు ఎక్కజూడడం అని అక్కడే విప్పి చెప్పు.

మార్క్స్ మీద రాసిన పాతిక పేజీలు పదికి తగ్గినా ఆయనకు నష్టం లేదు. చివరి అధ్యాయంలో వరకట్నం గురించి కోపంగా రాశావు. కోపం న్యాయమైనదే. అయితే కన్యకు వెల కట్టిన సమాజమే వరుడికి వెల కట్టే సమాజంగా ఎలా మారిందన్న ప్రశ్న అడిగి ఉంటే ఆ కోపం పాఠకుడి చేత ఆలోచింపజేసేది. ఇప్పుడు సభలో ఉపన్యాసంలా ఉంది, చప్పట్లు కొట్టి లేచిపోవచ్చు.

రాతప్రతిని పోస్టులో తిరిగి పంపుతున్నాను. ‘సామాజిక వర్గం’ వచ్చిన పదకొండు చోట్లా ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాను. బంధుత్వాల పటం ఒకటి గీసి మొదటి అధ్యాయంలో చేర్చు, దాన్ని అచ్చుకు పంపేముందు మీ అమ్మమ్మగారి చేత సరిచూపించు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల పటాలు చూసి గీస్తే అందులో వియ్యంకుడికీ వియ్యపురాలికీ చోటు మిగలదు. వాళ్లను ఎక్కడ కూర్చోబెడతావో నాకు చూడాలని ఉంది. ఆ పేజీ ఒక్కటి ముందుగా పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి