టర్బైన్ సిమ్యులేషన్‌లో కెరీర్ కావాలంటే కోర్సు కన్నా ముందు ఒక్క బ్లేడ్ పూర్తిగా చెయ్

ప్రశ్న: మేడమ్, నేను మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉన్నాను. టర్బైన్, కంప్రెసర్ బ్లేడ్ల మధ్య గాలి ఎలా పోతుందో కంప్యూటర్‌లో చూపించే సిమ్యులేషన్లు చూసినప్పటి నుంచీ ఇదే చెయ్యాలనిపిస్తోంది. మూడు నెలల్లో సీఎఫ్‌డీ, అంటే గాలి, ద్రవాల కదలికని కంప్యూటర్‌లో లెక్కేసే సాఫ్ట్‌వేర్ నేర్పిస్తామంటున్న ఆన్‌లైన్ కోర్సు ఒకటి కనబడింది, చేరమంటారా? ఈ ఫీల్డ్‌లో ఉద్యోగాలు తక్కువ, కోడింగ్ వైపు వెళ్ళిపో అంటున్నారు నాన్న. నాకు మ్యాథ్స్ ఓ మాదిరిగా వచ్చు.

జవాబు: అమ్మా, ముందు కోర్సు సంగతి తేల్చేద్దాం. ఇప్పుడే చేరకు. కోర్సులు చెడ్డవని కాదు, ఆ మూడు నెలల్లో నీకు ఏ మెనూలోకెళ్ళి ఏ బటన్ నొక్కాలో వస్తుంది, అది ఉద్యోగంలో చేరాక పక్క సీట్లో వాళ్ళని చూసి కూడా వచ్చేస్తుంది, కానీ స్క్రీన్ మీద కనబడే ఆ రంగుల బొమ్మని నమ్మొచ్చా లేదా అని తేల్చడం మాత్రం బటన్లతో రాదు, కంపెనీలు జీతం ఇచ్చేదేమో సరిగ్గా దానికే. నేను ఈ ఫీల్డ్ అడిగే ప్రతి పిల్లకీ పిల్లాడికీ గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే.

అసలు పని ఎలా ఉంటుందో చెప్తాను. బ్లేడ్ ఆకారం తీసుకుని దాని చుట్టూ ఉన్న ఖాళీని లక్షల చిన్న గదులుగా కోస్తాం, అదే మెష్, ఒక్కో గదిలోకి ఎంత గాలి వచ్చింది ఎంత పోయింది, మొమెంటమ్, ఎనర్జీ లెక్క సరిపోయిందా అని సాల్వర్, అంటే లెక్కలు చేసే ప్రోగ్రామ్, మళ్ళీ మళ్ళీ లెక్కేస్తుంది. నువ్వు చూసిన బొమ్మ చివర్లో ఐదు నిమిషాల్లో వచ్చేది. రోజులు పట్టేది మెష్‌కి, బౌండరీ కండిషన్లకి, అంటే అంచుల దగ్గర గాలి ప్రెజర్, వేగం లాంటివి ఎంతో చెప్పడానికి, తర్వాత వచ్చిన జవాబుని అనుమానించడానికి. ఇది చదివి నీకు నీరసం వస్తే ఇప్పుడే తెలుసుకోవడం మంచిది, ఉత్సాహం వస్తే మాత్రం నువ్వు సరైన దారిలోనే ఉన్నావ్.

ఇంకోటి, కంప్రెసర్, టర్బైన్ రెండూ తిరిగే బ్లేడ్లే కదా అనుకోకు. కంప్రెసర్‌లో గాలిని తక్కువ ప్రెజర్ నుంచి ఎక్కువ ప్రెజర్‌లోకి నెట్టాలి, అంటే బ్లేడ్‌ని అంటుకుని నెమ్మదిగా కదిలే పొర, అదే బౌండరీ లేయర్, ఎదురు ప్రెజర్‌లోకి వెళ్ళాలి, కొంచెం ఎక్కువ లోడ్ వేస్తే అది బ్లేడ్‌ని వదిలేసి విడిపోతుంది, అక్కడి నుంచి స్టాల్, అంటే బ్లేడ్ గాలిని సరిగ్గా నెట్టలేకపోవడం, ఇంకా ముదిరితే సర్జ్, అంటే గాలి వెనక్కి తన్నడం. అందుకే కంప్రెసర్‌కి చాలా స్టేజీలు (తిరిగే బ్లేడ్ల వరస ఒకటి, తిరగని వరస ఒకటి కలిపి ఒక స్టేజీ) కావాలి, టర్బైన్‌కి కొన్నే సరిపోతాయి, ఎందుకంటే అక్కడ గ్యాస్ వేగం పెరుగుతూ ప్రెజర్ తగ్గే వైపే పోతుంది. కానీ టర్బైన్ తలనొప్పి వేడితో: ఇప్పటి పెద్ద ఇంజిన్లలో బ్లేడ్‌ని తాకే గ్యాస్ ఆ బ్లేడ్ లోహం కరిగే టెంపరేచర్ కన్నా వేడిగా ఉంటుంది, బ్లేడ్ లోపల సన్నటి దారుల్లో చల్లగాలి పంపి బతికిస్తారు, దాన్ని సిమ్యులేట్ చెయ్యాలంటే గ్యాస్‌నీ లోహాన్నీ కలిపి లెక్కెయ్యాలి. కరెంటు తయారుచేసే గ్యాస్ టర్బైన్‌లో టర్బైన్ తీసే పవర్‌లో సగానికి అటూఇటూగా కంప్రెసర్ తిప్పడానికే పోతుంది, కాబట్టి కంప్రెసర్ ఎఫిషియెన్సీలో ఒక్క శాతం కూడా చిన్న విషయం కాదు.

ఇప్పుడు కోర్సు బదులు ఏం చెయ్యాలో చెప్తాను. నాసా వాళ్ళు కొలిచి బయటపెట్టిన కంప్రెసర్ రోటర్, అంటే తిరిగే బ్లేడ్ల చక్రం, ఒకటుంది, పేరు రోటర్ 37. మొత్తం 36 బ్లేడ్లు, నిమిషానికి 17,188 చుట్లు, బ్లేడ్ అంచు దగ్గర వేగం సెకనుకి 454 మీటర్లు, అంటే ధ్వని వేగం దాటేసి. అన్ని బ్లేడ్లూ ఒకటే కాబట్టి నువ్వు ఒక్క బ్లేడ్ చుట్టూ 10 డిగ్రీల ముక్క చేస్తే చాలు, రెండు పక్కలా పీరియాడిక్ కండిషన్ పెట్టు, అంటే ఒక పక్క బయటికెళ్ళే గాలే రెండో పక్క లోపలికొచ్చినట్టు. బ్లేడ్ అంచుకీ బయటి తొడుగు కేసింగ్‌కీ మధ్య సందు 0.356 మిల్లీమీటర్లు, వెంట్రుకవాసి అనిపించే ఆ సందులోంచి కారే గాలి సుడిగా మారి షాక్‌వేవ్‌ని గుద్దుకుంటుంది, ఆ సందులో తగినన్ని గదులు వెయ్యకపోతే స్టాల్ ఎక్కడ మొదలవుతుందో నీ జవాబు తప్పిపోతుంది. ముందు చోక్ అయ్యే మాస్ ఫ్లో, అంటే ఇంక పెరగని గరిష్ఠ గాలి ప్రవాహం, తెప్పించు, కొలిచింది సెకనుకి 20.93 కిలోలు. తర్వాత వెనక ప్రెజర్ కొంచెం కొంచెం పెంచుకుంటూ ఒక్కో పాయింట్ తీసి కర్వ్ గియ్యి, ప్రెజర్ రేషియోకి ఒక కర్వ్, ఎఫిషియెన్సీకి ఇంకో కర్వ్. రెసిడ్యువల్స్, అంటే లెక్కలో ఇంకా మిగిలిన తేడాలు, పడ్డాయి కదా అని సంబరపడకు, లోపలికి వెళ్ళిన గాలి, బయటికొచ్చిన గాలి సమానమా చూడు, మెష్ ఇంకా సన్నగా చేసి జవాబు మారుతోందా చూడు, గోడ దగ్గర వై ప్లస్, అంటే మొదటి గది గోడకి ఎంత దగ్గరుందో చెప్పే కొలత, నువ్వు వాడే టర్బులెన్స్ మోడల్‌కి, అంటే గాలి సుడుల్ని అంచనా వేసే లెక్కకి, సరిపోతోందా చూడు.

ఈ రోటరే ఎందుకంటున్నానంటే దీనికో చరిత్ర ఉంది. 1994లో అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ఏఎస్ఎమ్ఈ తరఫున దీన్ని బ్లైండ్ టెస్ట్‌గా ఇచ్చారు, ఆకారం చేతికిచ్చి కొలతలు దాచిపెట్టారు, పేరున్న కోడ్‌లు నడిపే వాళ్ళే పాల్గొన్నారు, అయినా జవాబులు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. అందులోనూ హబ్ దగ్గర, అంటే బ్లేడ్ మొదట్లో, కొలతల్లో ప్రెజర్ తగ్గినట్టు కనబడేది, చాలా సిమ్యులేషన్లకి అది దొరకలేదు. టర్బులెన్స్ మోడల్ తప్పా, మెష్ తప్పా అని అందరూ బుర్రలు బద్దలు కొట్టుకున్నారు, కొన్నేళ్ళకి ఒక టీమ్ చూపించిందేంటంటే, రోటర్‌కి ముందు తిరగని హబ్‌కీ తిరిగే హబ్‌కీ మధ్య సన్నటి సందు ఉంది, అందులోంచి కొంచెం గాలి కారినా ఆ తేడా వస్తుందని. కంప్యూటర్‌కి ఆ సందు ఉందని ఎవరూ చెప్పలేదు, అది ఎలా కనిపెడుతుంది? ఈ ఒక్క సంగతి నీకు నిజంగా అర్థమైతే ఇంటర్వ్యూలో గంట మాట్లాడగలవ్.

ల్యాప్‌టాప్ మీద ఒకేసారి దీంతో మొదలెడితే కష్టం, అందుకని ముందు బెల్జియంలోని వాన్ కార్మాన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు కొలిచిన ఎల్‌ఎస్89 అనే టర్బైన్ వేన్, అంటే తిరగని బ్లేడ్, 2డీలో చెయ్యి. సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు పెట్టక్కర్లేదు, ఎస్‌యూ2, ఓపెన్‌ఫోమ్ రెండూ ఫ్రీ, ఇలాంటి వేగాలకి నేనైతే ఎస్‌యూ2 తోనే మొదలెట్టమంటాను.

మ్యాథ్స్ ఓ మాదిరి అన్నావ్. వెక్టర్ కాలిక్యులస్, పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, కాస్త లీనియర్ ఆల్జీబ్రా, ఇవి తప్పించుకోలేవ్, కానీ ర్యాంకర్ అవ్వక్కర్లేదు, ఒక టర్మ్ తీసేస్తే ఫ్లోలో ఏం మారుతుందో చెప్పగలిగితే చాలు. దానికన్నా ముందు థర్మోడైనమిక్స్, వెలాసిటీ ట్రయాంగిల్స్, అంటే గాలి వేగం, బ్లేడ్ వేగం కలిపి గీసే త్రిభుజాలు, చేత్తో వెయ్యడం రావాలి. చాలామంది పిల్లలు సాల్వర్ నడిపేస్తారు గానీ కాగితం మీద ట్రయాంగిల్ గియ్యమంటే ఆగిపోతారు, అక్కడే ఇంటర్వ్యూ అయిపోతుంది.

ఉద్యోగాల విషయంలో నాన్నగారు పూర్తిగా తప్పు కాదమ్మా. ఇంజిన్లు డిజైన్ చేసే కంపెనీలు ప్రపంచం మొత్తం మీద కొన్నే, డిజైన్ టీమ్‌లో కూర్చోవాలంటే దాదాపు అన్నిచోట్లా మాస్టర్స్ అడుగుతారు, కొన్ని చోట్ల పీహెచ్‌డీ. యుద్ధవిమానాల ఇంజిన్ల పని అయితే ఆ దేశ పౌరులకే ఇవ్వడం మామూలు, వేరే దేశంలో చదవాలనుకుంటే ఇది ముందే తెలిసి ఉండాలి, సీటు వచ్చాక తెలుసుకుని బాధపడేవాళ్ళున్నారు. కానీ తిరిగే బ్లేడ్ ఉన్నది విమానంలోనే కాదు కదా, టర్బోచార్జర్లు, పైప్‌లైన్ కంప్రెసర్లు, పంపులు, హీట్ పంపులు, స్టీమ్ టర్బైన్లు, రాకెట్ టర్బోపంపులు, వీటన్నిటికీ ఇదే చదువు. అవీ దొరక్కపోతే కార్ల ఏరోడైనమిక్స్, ఎలక్ట్రానిక్స్ కూలింగ్ వైపు ఇదే నైపుణ్యం పనికొస్తుంది.

కోడింగ్ అంటే ఈ ఫీల్డ్ వదిలెయ్యడమే అని ఆయన అనుకుంటున్నట్టున్నారు, నిజానికి ఇందులో కోడింగ్ లేకుండా రోజు గడవదు. యాభై ఆపరేటింగ్ పాయింట్లు రాత్రంతా వాటంతట అవే నడిచేలా పైథాన్ స్క్రిప్ట్ రాయాలి, సాల్వర్ లోపలికి చూడాలంటే సీ ప్లస్ ప్లస్, పాత కోడ్‌లకి ఫోర్ట్రాన్. కాబట్టి పైథాన్ ఇప్పటి నుంచే సీరియస్‌గా పట్టుకో, అది ఎటు వెళ్ళినా నీదే.

ఈ సెమిస్టర్‌లో ఎల్‌ఎస్89, వచ్చే సెలవుల్లో రోటర్ 37, నాలుగో ఏడాది ప్రాజెక్టుగా దాన్నే పెంచు. మొదటి కేస్ అయ్యాక ఆ పని నచ్చలేదనిపిస్తే నాన్నగారి మాట విను, నీ దగ్గర పైథాన్ ఎలాగూ ఉంటుంది. నచ్చితే రెజ్యూమెలో సాఫ్ట్‌వేర్ పేర్ల వరస రాయకు, నీ కర్వ్ కొలతలకి ఎంత దగ్గరగా వచ్చింది, ఎక్కడ తేడా వచ్చింది, ఎందుకనుకుంటున్నావో మూడు లైన్లు రాయి.