మోకాలిలోని ఏసీఎల్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీలాంటి లిగమెంట్) ఆపరేషన్ అయి నాలుగు నెలలు, నొప్పి లేదు. మా తమ్ముడు ఫుట్‌బాల్ ఆడవచ్చా?

ఇప్పుడే వద్దు. నొప్పి పోవడం వేరు, మోకాలు ఆటకు సిద్ధం కావడం వేరు.

తెగిన ఏసీఎల్ స్థానంలో సాధారణంగా తొడ వెనుక నుంచో, మోకాలిచిప్ప కింద నుంచో తీసిన టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) ముక్కను అమరుస్తారు. దానికి మొదట రక్తప్రసరణ ఉండదు. పాత కణాలు పోయి, కొత్త రక్తనాళాలు పాకి, క్రమంగా లిగమెంట్‌లా మారాలి. ఈ మార్పులో తొలి నెలల్లో అది అమర్చిన రోజుకన్నా బలహీనపడుతుంది. సరిగ్గా అప్పుడే వాపు తగ్గి, నడక కుదురుకుని, కుర్రవాళ్లకు ఆత్రం మొదలవుతుంది. కొంప ముంచేది అదే!

తొడ ముందు కండరం కూడా చిక్కిపోతుంది. రెండు తొడలనూ టేపుతో కొలిచి చూడండి. కనీసం 9 నెలలు ఆగి, కండరబలం, ఒంటికాలి గెంతు పరీక్షల్లో రెండు కాళ్లూ దాదాపు సమానమయ్యాకే మ్యాచ్ మాట. వైద్యానికి ఏ లోటూ లేని బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు నెయ్‌మార్‌కు 2023 అక్టోబరులో ఇదే ఏసీఎల్ తెగితే, మళ్లీ మ్యాచ్ ఆడింది 2024 అక్టోబరులోనే.

శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియమే కాదు, కళింగపట్నం తీరంలో సరదా ఆటా వద్దు. ఇసుకలో పాదం కూరుకుపోతే మోకాలు మెలిపడుతుంది.