2147483647 మీద సెమినార్ ఇవ్వబోయే అమ్మలూకి

అమ్మలూ,

నీ సెమినార్‌కి 2147483647 తీసుకున్నావని నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం వేసింది. 214 కోట్ల 74 లక్షల 83 వేల 647, అంటే 2³¹ లోంచి ఒకటి తీసేసిన సంఖ్య. ఇది ప్రధాన సంఖ్యేనని 1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ తేల్చాడు, అదీ కంటిచూపు దాదాపు పోయాక!

గట్టిగా చెప్పేది ఒక్కటే. భాగహారాలతో మొదలుపెట్టకు. దీని వర్గమూలం 46,340 దాటుతుంది. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలంటే 4,700 పైచిలుకు లెక్కలు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్యంటూ ఒకటి ఉంటే దాని లక్షణాలేమిటి? ముందు అది అడుగు.

ఆ భాజకాన్ని 'భ' అనుకో. 2³¹ని భతో భాగిస్తే శేషం 1. ఫెర్మా చిన్న సిద్ధాంతం తెలుసు కదా (2కి భ−1 ఘాతం వేసి భతో భాగిస్తే శేషం 1), దాంతోపాటు 31 ప్రధాన సంఖ్య కాబట్టి, భ−1ని 31 భాగించి తీరాలి. భ బేసి, కనుక 62 కూడా భాగిస్తుంది. తర్వాతి మెట్టు నాకు మరీ ఇష్టం. 2³²ని భతో భాగిస్తే శేషం 2 వస్తుంది. కానీ 2³² అంటే 2¹⁶కి వర్గమే! ఒక వర్గానికి శేషం 2 రావాలంటే, భని 8తో భాగించినప్పుడు 1 గానీ 7 గానీ మిగలాలి. రెండు షరతులూ కలిపితే, భని 248తో భాగిస్తే మిగిలేది 1 లేదా 63.

46,340 లోపు అలాంటివి 370 చిల్లర. వాటిలో ప్రధాన సంఖ్యలు వంద కూడా లేవు. మొదటిది 311, దాంతో భాగిస్తే శేషం 35. తర్వాతది 1303, అది నువ్వు చెయ్యి. సెమినార్‌లో సగం టైమ్ ఈ భాగానికే ఇచ్చినా తప్పులేదు. కంప్యూటర్‌లో 32 బిట్ల సైన్డ్ (ధన, రుణ రెండూ పట్టే) పూర్ణాంకాల్లో ఇదే అతి పెద్దదన్న సంగతికి ఒక్క వాక్యం చాలు.

ఒక్కచోట జాగ్రత్త. 'రెండు ఆధారంగా ఫెర్మా పరీక్ష పాసైంది, కాబట్టి ప్రధాన సంఖ్యే' అని రాయొద్దు. 2కి, సంఖ్యలోంచి ఒకటి తీసేసినంత ఘాతం వేసి, ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూడటమే ఆ పరీక్ష. 2¹¹−1, అంటే 2047, కూడా ఆ పరీక్ష పాసవుతుంది. కానీ అది 23, 89ల లబ్ధం. నమ్మదగింది లూకాస్–లేమర్ పరీక్ష. 4తో మొదలుపెట్టు. వర్గం చేసి, 2 తీసేసి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకో. మళ్లీ అదే చెయ్యి. 127కి, అంటే 2⁷−1కి, వరుసగా 4, 14, 67, 42, 111, 0 వస్తాయి. ఘాతం 7 కాబట్టి ఆరోది సున్నా కావాలి, అయింది. నీ సంఖ్యకి 30వది సున్నా రావాలి.

దానికి ప్రోగ్రామ్ రాసుకో. వర్గం చేసినప్పుడు 32 బిట్లు చాలవు, సీ భాషలో అయితే లాంగ్ లాంగ్ పెట్టు. ముందు 127తో నడిపి పై వరుస వస్తోందో లేదో సరిచూసుకో. స్లైడ్లు తయారయ్యాక నాకు పంపు, చదివి ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న